టెండర్ పని చేతిలో పెట్టే ముందు శిక్షణ ఇవ్వండి, పరీక్ష పెట్టండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల ప్రధాన కార్యదర్శులకు, ఆర్థిక శాఖ ముఖ్య కార్యదర్శులకు, అన్ని ఇంజనీరింగ్ శాఖల ఇంజనీర్-ఇన్-చీఫ్‌లకు బహిరంగ లేఖ

గౌరవనీయులందరికీ నమస్కారం.

నేను నీటిపారుదల శాఖలో ఏఈఈగా (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా) చేరి ఈఈగా (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా) రిటైర్ అయినవాణ్ణి. సర్వీసులో ఎక్కువ కాలం ఎస్టిమేట్లు, టెండర్లు, అగ్రిమెంట్ల మధ్యే గడిచింది. ఇప్పుడు కూడా కొత్తగా చేరిన ఇంజనీర్లు రాత్రిపూట ఫోన్ చేసి సందేహాలు అడుగుతుంటారు. ఆ ఫోన్లే ఈ లేఖ రాయించాయి. ప్రభుత్వ డబ్బుతో పనులు చేయించే, సరుకులు కొనే బాధ్యతను ఉద్యోగంలో చేరిన కొద్ది నెలలకే పిల్లల చేతిలో పెడుతున్నాం. ఆ పని ఎలా చేయాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పడం లేదు. వచ్చిందో లేదో చూసే పరీక్ష కూడా లేదు. టెండర్ పని చేసే ప్రతి ఉద్యోగికీ ముందు శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, పాసైతేనే సర్టిఫికెట్ ఇచ్చి, ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్ల చేతనే సంతకం పెట్టించే పద్ధతి తెమ్మని అడగడానికే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు జరుగుతున్నది మీకు తెలియనిది కాదు. సర్వీస్ కమిషన్ పరీక్షలో హైడ్రాలిక్స్, స్ట్రక్చర్స్, సాయిల్ మెకానిక్స్ రాసి, మంచి ర్యాంకుతో ఒక అమ్మాయి ఏఈఈగా వస్తుంది. కంప్యూటర్ బాగా వచ్చని ఆమెను డివిజన్ ఆఫీసులో టెండర్ సెక్షన్‌లో కూర్చోబెడతారు. లాగిన్ ఇస్తారు, డిజిటల్ సంతకం తీసిస్తారు. ఎలా చేయాలి సార్ అని అడిగితే వచ్చే జవాబు ఏ ఆఫీసులోనైనా ఒకటే: "పాత ఫైలు చూసి కొట్టెయ్." పాత ఫైల్లో తప్పుంటే అది కొత్త ఫైల్లోకీ వస్తుంది. కాలువ లైనింగ్ పనికి రాసిన షరతులు హాస్టల్ భవనం టెండర్‌లో యథాతథంగా కనబడడానికి ఇదే కారణం. ఏ షరతు ఎందుకు ఉందో తెలిసినవాళ్లు సెక్షన్‌లో ఒక్కరున్నా అలా జరగదు.

డిపార్ట్‌మెంట్ పరీక్షలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. పీడబ్ల్యూడీ అకౌంట్స్ టెస్ట్ మా తరం వాళ్లమంతా రాశాం, దాని విలువ నాకు తెలుసు. కానీ అది చూసేది ఖాతాల పరిజ్ఞానం, కోడ్ నిబంధనల పరిజ్ఞానం. నలుగురు టెండర్ వేస్తే ఎవరు అర్హులో తేల్చడం, ఒకరిని టెక్నికల్ బిడ్‌లో ఎందుకు కొట్టేశామో కోర్టులో నిలబడేలా కారణం రాయడం, గడువు పెంచమని కాంట్రాక్టర్ అడిగితే తప్పు ఎవరిదో తేల్చి ఉత్తర్వు ఇవ్వడం అందులో లేవు. చేయాల్సిన పని ఒకటి, పెడుతున్న పరీక్ష ఇంకొకటి అయింది.

ఎంత చిన్న లెక్కలో ఎంత పెద్ద తేడా వస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2003 జులై 1న నీటిపారుదల శాఖ ఇచ్చిన జీవో 94 ప్రకారం మన ఇంజనీరింగ్ శాఖల్లో బిడ్ కెపాసిటీ, అంటే కాంట్రాక్టర్ ఇంకా ఎంత విలువైన పని మోయగలడో చూడాలి. సూత్రం 2ఏఎన్ మైనస్ బి. ఏ అంటే గత అయిదేళ్లలో ఏదైనా ఒక ఏడాదిలో కాంట్రాక్టర్ చేసిన గరిష్ఠ పని విలువ, ఇప్పటి ధరలకు సవరించి. ఎన్ అంటే మన పని పూర్తికి ఇచ్చిన కాలం, ఏళ్లలో. బి అంటే ఆ కాలంలోనే అతను పూర్తి చేయాల్సి ఉన్న పాత పనుల విలువ.

7 కోట్ల పని, గడువు 9 నెలలు అనుకుందాం. కాంట్రాక్టర్ ఏ విలువ 10 కోట్లు, బి 9 కోట్లు. 9 నెలలంటే ఎన్ 0.75. రెండు పదులు ఇరవై, ఇరవైని 0.75తో గుణిస్తే 15, అందులోంచి 9 తీసేస్తే 6 కోట్లు. 7 కోట్ల పనికి అతను అర్హుడు కాడు. ఎన్ దగ్గర 0.75 బదులు 1 వేస్తే జవాబు 11 కోట్లు. అదే మనిషి అర్హుడైపోయాడు. నేర్పకపోతే ఎవరైనా అక్కడ 1 వేస్తారు, ఎందుకంటే పక్కన పెట్టుకున్న పాత ఫైలు ఏడాది గడువున్న పనిది.

బి సంగతి ఇంకా కష్టం. ఆ అంకె కాంట్రాక్టర్ స్వయంగా ఇచ్చే జాబితా నుంచి వస్తుంది. ఆర్ అండ్ బీలో ఒక పని, పంచాయతీరాజ్‌లో రెండు పనులు, పక్క జిల్లాలో ఇంకొకటి ఉండి, అందులో ఒకటి జాబితాలో రాయకపోతే మన డివిజన్‌లో కూర్చున్న అమ్మాయికి ఎలా తెలుస్తుంది? తెలుసుకునే దారులున్నాయి. ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో అదే పేరు మీద ఖరారైన టెండర్లు వెతకాలి, మిగతా ఈఈలకు రాయాలి, ఆడిటర్ ఇచ్చిన టర్నోవర్ లెక్కనూ చేతిలో ఉన్నాయంటున్న పనులనూ పక్కపక్కన పెట్టి పొంతన చూడాలి. ఇది అనుభవం మీద వచ్చే పని. ఆ అనుభవాన్ని క్లాసులో కూడా చాలావరకు ఇవ్వచ్చు.

బ్యాంకు గ్యారంటీ ఇంకో ఉదాహరణ. కాగితం బాగుంటుంది, స్టాంపు ఉంటుంది, సీలు ఉంటుంది. కొత్తవాళ్లు చూసేది మొత్తం సరిపోయిందా లేదా అని మాత్రమే. చూడాల్సినవి వేరు. గ్యారంటీ ఎప్పటివరకు చెల్లుతుంది? డిఫెక్ట్ లయబిలిటీ కాలం (పని అయ్యాక లోపాలను కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం) అయ్యేదాకా ఉందా, పని పూర్తయ్యే తేదీతోనే ఆగిపోయిందా? క్లెయిమ్ చేసుకోవడానికి ఆఖరి తేదీ ఏది? అడిగిన వెంటనే, ఏ షరతూ లేకుండా చెల్లిస్తామని రాశారా, లేక కాంట్రాక్టర్ తప్పు రుజువైతేనే అని మెలిక పెట్టారా? అన్నిటికంటే ముఖ్యం, అది నిజంగా ఆ బ్యాంకు ఇచ్చిందేనా? కాంట్రాక్టర్ తెచ్చిచ్చిన ధ్రువీకరణ పత్రంతో తృప్తిపడకూడదు, అతను చెప్పిన ఫోన్ నంబరుకు చేయకూడదు. బ్రాంచికి, దాని పై కార్యాలయానికి మన ఆఫీసు నుంచే నేరుగా రాయాలి. దొంగ గ్యారంటీలు పెట్టి అడ్వాన్సులు తీసుకున్న కేసులు దేశమంతా ఉన్నాయి. ఈ నాలుగు ప్రశ్నలు నేర్పడానికి అరపూట చాలు. ఆ అరపూట ఎవరూ పెట్టడం లేదు.

తక్కువ కోట్ చేసిన టెండర్ల దగ్గర కూడా అంతే. జీవో 94 ప్రకారం అంచనా విలువ మీద 25 శాతం కంటే ఎక్కువ తగ్గించి (లెస్) వేస్తే, 25 శాతానికి మించిన ఆ తేడాకు అదనపు సెక్యూరిటీ కట్టించుకోవాలి. 4 కోట్ల పనికి 30 శాతం లెస్ వేస్తే టెండర్ విలువ 2.80 కోట్లు, 25 శాతం లెస్ దగ్గర 3 కోట్లు. తేడా 20 లక్షలు. ఈ 20 లక్షలు అగ్రిమెంట్ సమయంలో రావాలి. తర్వాత కడతాడులే అని వదిలేశారంటే ఆ షరతు పెట్టిన ప్రయోజనమే పోయింది. సగంలో పని ఆగిపోయాక, కాంట్రాక్టర్ నుంచి పని తీసేసుకునే 60సి నోటీసులు, మళ్లీ టెండర్, పెరిగిన రేట్లు, కోర్టు కేసు. ఆ చెరువు కింద రైతుకు రెండు పంటలు పోతాయి. లెస్ ఎంత ఎక్కువ వస్తే ప్రభుత్వానికి అంత లాభమని అనుకునే కొత్త అధికారికి ఈ సంగతి ముందే చెప్పాలి కదా.

నేను ఇంజనీర్ని కాబట్టి పనుల గురించే ఎక్కువ చెబుతున్నాను. కానీ కొనుగోళ్లు చేసేది మేమొక్కళ్లమే కాదు. పంచాయతీ కార్యదర్శి వీధి దీపాలు కొంటాడు. హాస్టల్ వార్డెన్ దుప్పట్లు కొంటాడు. ఆసుపత్రి సూపరింటెండెంట్ పరికరాలు కొంటారు, వాటి మెయింటెనెన్స్ ఒప్పందాలు చేసుకుంటారు. వీళ్లలో ఎవరూ కొనుగోలుదారుగా ఉద్యోగంలో చేరినవాళ్లు కాదు. 2016 ఆగస్టులో కేంద్రం జెమ్ పోర్టల్ (ప్రభుత్వ ఆఫీసులు సరుకులు కొనే ఆన్‌లైన్ బజారు) తెచ్చాక సరుకు కొనడం తేలికైందనుకుంటున్నారు. నిజమే, బజారు తేలికైంది. ఏం కావాలో రాసుకోవడం మాత్రం ఎప్పటిలాగే కష్టం. స్పెసిఫికేషన్ మరీ వదులుగా రాస్తే నాసిరకం వస్తుంది, మరీ బిగించి రాస్తే ఒకే కంపెనీ మిగులుతుంది. ఆ మధ్య దారిలో రాయడం నేర్చుకుంటేనే వస్తుంది. ఆసుపత్రికి మిషను కొని, దానికి వాడే రీఏజెంట్ల (పరీక్షలకు వాడే రసాయనాల) రేటు ముందే ఒప్పందంలో పెట్టుకోకపోతే ఏమవుతుందో ఏ ల్యాబ్ టెక్నీషియన్‌ని అడిగినా చెబుతారు. మిషను చవక, రీఏజెంటు ఖరీదు.

ఉమ్మడి రాష్ట్రం 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. దేశంలో ముందు వరసలో నిలిచింది. టెండర్ బాక్సు దగ్గర మనుషుల్ని అడ్డుకోవడం, షెడ్యూళ్లు దొరకనివ్వకపోవడం లాంటివి చూసిన మాకు అది ఎంత పెద్ద మార్పో తెలుసు. ఆ తర్వాత పద్ధతులు చాలా మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రివర్స్ టెండరింగ్ (వచ్చిన రేటు ఇంకా తగ్గించడానికి ఆన్‌లైన్‌లో మళ్లీ పోటీ పెట్టడం) వచ్చింది, 2024లో పోయింది. 100 కోట్లు, ఆపై విలువున్న ప్రాజెక్టుల టెండర్ పత్రాలను ముందుగా న్యాయమూర్తి పరిశీలించాలని 2019లోనే ఒక చట్టం చేశారు. ఇవి మంచివా కాదా అన్న చర్చలోకి నేను వెళ్లను. ప్రతి ప్రభుత్వమూ పద్ధతి మీద బుర్ర పెట్టింది. ఆ పద్ధతిని రోజూ నడిపే మనిషి మీద అందులో పదోవంతు శ్రద్ధ కూడా పెట్టలేదన్నది నా బాధ. జీవో మారినప్పుడల్లా కాపీ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. అదే శిక్షణ అనుకుంటున్నాం.

బయట ఇలా లేదు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో ఈ పనికి కాంట్రాక్ట్ స్పెషలిస్ట్ అని ప్రత్యేకంగా ఒక ఉద్యోగ శ్రేణి ఉంది, నంబరు 1102. రక్షణ శాఖ కొనుగోళ్లు చేసేవాళ్లకు శిక్షణ, సర్టిఫికెట్ ఉండాలని 1990లో చట్టమే చేశారు. దాని ఫలితంగా వర్జీనియాలో డిఫెన్స్ అక్విజిషన్ యూనివర్సిటీ వచ్చింది. ఇప్పుడు అక్కడ కొత్తగా చేరినవాళ్లు నాలుగు పునాది కోర్సులు చేయాలి, ఒక పరీక్ష పాసవ్వాలి, ఏడాది అనుభవం ఉండాలి. అప్పుడే సర్టిఫికెట్. 2023 నుంచి పౌర శాఖల్లో కూడా దాదాపు ఇదే పద్ధతి. ఆ తర్వాత కూడా చదువు ఆగదు, రక్షణ శాఖలో రెండేళ్లకు 80 పాయింట్ల శిక్షణ తప్పనిసరి. ఇంకా ముఖ్యమైంది, ప్రభుత్వం తరఫున ఒప్పందం మీద సంతకం పెట్టాలంటే వారంట్ అనే అధికార పత్రం పేరుమీద ఉండాలి. ఎంత విలువ వరకు పెట్టవచ్చో అందులోనే రాసి ఉంటుంది. కుర్చీ ఎంత పెద్దదైనా వారంట్ లేకపోతే సంతకం చెల్లదు.

అంత దూరం వద్దనుకుంటే మన రైల్వేనే చూడండి. అక్కడ టెండర్ కమిటీలో అకౌంట్స్ అధికారి ఒకరు తప్పనిసరిగా కూర్చుంటారు. ఆ శాఖ వాళ్లకు శిక్షణ ఇచ్చే ఆర్థిక నిర్వహణ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ అధికారులకు ఫరీదాబాద్‌లోని అరుణ్ జైట్లీ జాతీయ ఆర్థిక నిర్వహణ సంస్థ ప్రభుత్వ కొనుగోళ్ల మీద శిక్షణ కార్యక్రమాలు నడుపుతోంది. కేంద్ర ఆర్థిక శాఖ సరుకులకు, పనులకు, కన్సల్టెన్సీలకు వేరువేరుగా మాన్యువల్స్ రాయించి ఎప్పటికప్పుడు మారుస్తోంది. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్ల పారదర్శకత చట్టాలు చేసుకున్నాయి. మన దగ్గర నియమాలు ఏపీడీఎస్ఎస్‌లో (పనుల ప్రమాణాలు, షరతుల పుస్తకంలో) కొన్ని, డీ కోడ్‌లో (ఇంజనీరింగ్ శాఖల నియమావళిలో) కొన్ని, ఫైనాన్షియల్ కోడ్‌లో కొన్ని, జీవోల్లో ఇంకొన్ని ఉన్నాయి. వాటన్నిటినీ ఒకచోట చేర్చి కొత్త ఉద్యోగి చేతికిచ్చే ఒక్క పుస్తకమైనా ముందు కావాలి.

శిక్షణ ఎక్కడ ఇవ్వాలన్నది సమస్యే కాదు. జూబ్లీహిల్స్‌లో మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల సంస్థ ఉంది, బాపట్లలో ఆంధ్రప్రదేశ్ మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఉంది, రాజేంద్రనగర్‌లో నీరు, భూమి నిర్వహణ మీద శిక్షణ ఇచ్చే వాలంతరి ఉంది, గచ్చిబౌలిలో ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజీ ఉంది. గదులున్నాయి, హాస్టళ్లున్నాయి. కావలసింది ఆ గదుల్లో ఏం చెప్పాలన్న స్పష్టత.

మూడు రోజుల ప్రెజెంటేషన్లు, గ్రూప్ ఫొటో, హాజరైనందుకు సర్టిఫికెట్, ఇలాంటి శిక్షణ నేను అడగడం లేదు. పాత టెండర్ ఫైళ్లు తీయండి. పేర్లు కొట్టేసి, బిడ్లు, సర్టిఫికెట్లు, బ్యాంకు గ్యారంటీలు, కంపారిటివ్ స్టేట్‌మెంట్లు యథాతథంగా పిల్లల ముందు పెట్టండి. ఒక ఫైల్లో టర్నోవర్ లెక్క తప్పు ఉండాలి, ఇంకోదాంట్లో చేతిలో ఉన్న పనులు దాచి ఉండాలి, మరోదాంట్లో ముగ్గురు టెండర్‌దార్ల డీడీలు ఒకే బ్రాంచి నుంచి వరస నంబర్లతో వచ్చి ఉండాలి. రింగ్ అయ్యారని, అంటే ముందే కూడబలుక్కున్నారని తెలిసేది అలాంటి గుర్తులతోనే. వాళ్లే కనిపెట్టాలి, వాళ్లే నోట్ రాయాలి. ప్రీ-బిడ్ సమావేశం (టెండర్ వేసేముందు కాంట్రాక్టర్ల సందేహాలు తీర్చే సమావేశం) ఒకటి నిజంగా నడిపించండి, అనుభవం ఉన్న కాంట్రాక్టర్లనే పిలిచి ప్రశ్నలు అడిగించండి. మంచి కాంట్రాక్టర్లు సంతోషంగా వస్తారు, ఎందుకంటే తెలియని అధికారితో వాళ్లూ విసిగిపోయి ఉన్నారు. టాటా సెల్యులార్ కేసులో 1994లో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఒకటి వివరంగా చెప్పండి: కోర్టు చూసేది ప్రధానంగా నిర్ణయం తీసుకున్న తీరును, నిర్ణయాన్ని కాదు. ఆ ఒక్క మాట అర్థమైతే ఫైల్లో కారణాలు ఎందుకు రాయాలో, ఎలా రాయాలో సగం తెలిసినట్టే.

పరీక్ష కూడా ఫైలు మీదే పెట్టాలి. నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్కు పెట్టే పరీక్ష దీనికి చాలదు. ఒక పూర్తి టెండర్ ఇచ్చి, మూల్యాంకనం చేసి, ఎవరికి ఇవ్వాలో, మిగతావాళ్లకు ఎందుకు ఇవ్వకూడదో రాయమనాలి. పాస్ కాకపోతే మళ్లీ రాస్తారు, అందులో అవమానం ఏమీ లేదు. మొదటి స్థాయి సర్టిఫికెట్‌ను ప్రొబేషన్‌తో ముడిపెట్టండి. టెండర్లు ఆమోదించే ఈఈలకు, ఎస్ఈలకు (సూపరింటెండింగ్ ఇంజనీర్లకు), సూపరింటెండెంట్లకు పై స్థాయి పరీక్ష వేరే ఉండాలి, ఒప్పందం నడపడం, వివాదాలు, గడువు పెంపు, ధరల సవరణ అందులో రావాలి. జీవోలు మారుతుంటాయి కాబట్టి కొన్నేళ్లకోసారి సర్టిఫికెట్ కొత్తది తీసుకోవాలి. పంచాయతీ కార్యదర్శులకు, వార్డెన్లకు తెలుగులో పుస్తకం, తెలుగులో పరీక్ష ఉండాలి. వాళ్ల పనికి ఇంత లోతు అక్కర్లేదు, చిన్నది చాలు.

స్టాఫ్ లేరు, ఉన్నవాళ్లను ట్రైనింగ్‌కి పంపితే ఆఫీసు నడవదు అని ఈఈలు అంటారని తెలుసు, ఆ ఇబ్బంది నేను పడ్డదే. కానీ ఒక తప్పు టెండర్ మీద కోర్టు స్టే వస్తే ఆ పని ఎన్ని నెలలు ఆగుతుందో, వాయిదాలకు కౌంటర్లు రాయడానికి అదే ఆఫీసు ఎన్ని రోజులు పెడుతుందో కూడా వాళ్లకు తెలుసు. సీనియర్లు పరీక్ష రాయడానికి ఒప్పుకోరన్నది రెండో అభ్యంతరం. వాళ్లకు కొంత గడువు ఇవ్వండి, సర్వీసును లెక్కలోకి తీసుకుని కోర్సు తగ్గించండి, పరీక్ష మాత్రం తీసేయకండి.

అవినీతి ఉన్నచోట శిక్షణ ఏం చేస్తుంది అని అడిగేవాళ్లకు నేను కొంచెం ఎక్కువ చెప్పాలి. తప్పు చేయాలనుకున్నవాణ్ణి క్లాసు మార్చదు, ఒప్పుకుంటాను. కానీ మన ఆఫీసుల్లో తెలిసి తప్పు చేసేవాళ్ల కంటే తెలియక సంతకం పెట్టేవాళ్లు చాలా ఎక్కువ. ఆ రెండో రకం వాళ్లనే మొదటి రకం వాళ్లు వాడుకుంటారు. "ఏం కాదమ్మా, నోట్ పెట్టు, నేను చూసుకుంటా" అన్న పెద్దాయన బదిలీ మీద వెళ్లిపోతాడు. నాలుగేళ్ల తర్వాత విజిలెన్స్ వచ్చినప్పుడు ఫైల్లో మొదటి సంతకం ఎవరిదో చూస్తారు. చార్జి మెమో ఆ పిల్లకు వస్తుంది. ప్రమోషన్ ఆగుతుంది. ఇంట్లో చెప్పుకోలేదు, నిద్ర పట్టదు. విచారణ ఎప్పటికి తేలుతుందో ఎవరూ చెప్పలేరు. అలాంటి వాళ్లతో మాట్లాడినవాణ్ణి నేను. వాళ్లలో చాలామందికి దొంగబుద్ధి లేదు. ఏ క్లాజు ప్రకారం ఆ నోట్ పెట్టకూడదో వాళ్లకు ఆ రోజు తెలియదు, అంతే.

కరెంటు ఆపి లైన్ క్లియర్ ఇవ్వకుండా లైన్‌మన్‌ని స్తంభం ఎక్కించడం నేరమని మనందరికీ తెలుసు. ఈ పిల్లల్ని శిక్షణ లేకుండా టెండర్ ఫైలు మీద కూర్చోబెట్టడం నాకు అలాగే కనిపిస్తుంది. క్లాజు తెలిసిన అమ్మాయి పెద్ద అధికారి ముందు కూడా, "సార్, జీవోలో ఇలా ఉంది, నేను ఇలాగే రాస్తాను, మీరు విభేదిస్తే ఫైలు మీద రాయండి" అనగలదు. స్థానిక నాయకుడు ఫోన్ చేసినప్పుడు కూడా ఆమెకు ఒక ఆధారం ఉంటుంది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లే సంతకం పెట్టాలన్న నియమం ఉంటే, ఒత్తిడి తెచ్చేవాళ్లు ఒక మనిషిని పక్కన పెట్టి ఇంకెవరి చేతనో రాత్రికి రాత్రి సంతకం పెట్టించడమూ అంత తేలిక కాదు.

చివరిగా నా విన్నపం. రెండు రాష్ట్రాల్లోనూ తర్వాత వచ్చే ఏఈ, ఏఈఈ బ్యాచ్‌కు పోస్టింగ్ ఉత్తర్వులు ఇచ్చే ముందే ఈ శిక్షణకు జీవో ఇవ్వండి. మొదటి ఏడాది ఒక్క నీటిపారుదల, ఒక్క పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖల్లో మొదలుపెట్టినా చాలు. సిలబస్ రాయడానికి, ఫైళ్లు ఎంచి ఇవ్వడానికి, క్లాసు చెప్పడానికి రిటైర్డ్ ఇంజనీర్లు, డివిజనల్ అకౌంట్స్ అధికారులు, ప్రభుత్వం తరఫున టెండర్ కేసులు వాదించిన ప్లీడర్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. పిలిస్తే వస్తారు. వచ్చేవాళ్లలో నా పేరు కూడా రాసుకోండి. గౌరవ వేతనం అక్కర్లేదు, బస్సు చార్జీలు ఇస్తే చాలు.

ఇట్లు,
రిటైర్డ్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, నీటిపారుదల శాఖ